ఊరంత లారీ

పాలమెట్టలో పెనిమిటి లారీని ఎరగనివాళ్లు లేరు, ఒక్క ప్రభుత్వం వారు తప్ప. గురువారం గురువారం అది సరుకులనీ జనాన్నీ ఎక్కించుకుని కొండమీది చింతలగొంది సంతకు పోయి వచ్చేది. ప్రభుత్వం వారు దాని జోలికి పోయేవారు కాదు, అది ప్రభుత్వం వారి జోలికి పోయేది కాదు. ఇద్దరూ సుఖంగా ఉండేవారు. ఇంతలో కాలం చెల్లిన వాహనాలన్నిటినీ ఏరి కోసిపారేయాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. జిల్లా రవాణా కార్యాలయంలోని కంప్యూటరు బళ్లన్నిటినీ వయసు ప్రకారం వరసలో నిలబెడితే, అందరికంటే ముందు మన లారీ నిలబడింది.

తనిఖీ అధికారి జనార్దనం గారు జీపు దిగి, లారీ చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, ముందు అద్దానికి ఒక కాగితం అంటించారు. ఆ లారీకి యజమానీ, డ్రైవరూ, క్లీనరూ అన్నీ తానే అయిన కామిశెట్టి బుల్లియ్య అప్పుడే చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

"ఏంటండీ అది?" అన్నాడు తడిచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.

"తాఖీదు. సదరు వాహనమునకు కాలము చెల్లినందున నెలాఖరులోగా ప్రభుత్వ స్వాధీనము చేయవలెను. పిమ్మట కోయబడును."

జనార్దనం గారు పప్పులో ఉప్పు తక్కువైందని భార్యతో చెప్పాలన్నా ఇదే భాషలో చెబుతారని జిల్లాలో వాడుక. ఆవిడ లిఖితపూర్వకంగా జవాబిస్తుందని కూడా అంటారు గాని అది ఎవరూ చూడలేదు.

"నడుత్తున్న బండిని కొయ్యడమేంటండీ బాబూ," అన్నాడు బుల్లియ్య.

"నడక ప్రధానము కాదు, వయసు ప్రధానము. నడుచుచున్నంత మాత్రమున వయసు తగ్గునా? వచ్చే ఏడు నాకు పదవీ విరమణ. నేను నడుచుట లేదా?"

జీపు వెళ్లిపోయాక బుల్లియ్య లారీ మెట్టు మీద చతికిలబడ్డాడు. చింతలగొంది దారి అలాంటిలాంటి దారి కాదు. బస్సు ఒకసారి ఎక్కబోయి వెనక్కి జారి, మళ్లీ అటు చూడలేదు. వ్యానులవాళ్లు అడుగు నుంచే దణ్ణం పెట్టి తిరిగిపోయారు. ఆ ఏటవాలు తెలిసినది ఈ లారీ ఒక్కటే. ఇది పోతే కిందివాళ్ల ఉప్పూ ఎండుచేపలూ పైకి పోవు, పైవాళ్ల చింతపండూ అడ్డాకులూ కిందికి రావు. అవన్నీ అలా ఉంచితే, బుల్లియ్యకు ఆ లారీ తప్ప ఇంకో పని రాదు, ఇంకో ఆస్తి లేదు. అసలు సంగతి చెప్పాలంటే ఆ లారీ మీద ఉన్నంత ప్రేమ అతనికి ఇంకో దాని మీద లేదు. ఆ సంగతి అతని భార్యకూ తెలుసు.

ఆ లారీ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లండులో పెన్నితార్న్ అని ఒక కంపెనీ ఉండేదట. వాళ్ల అసలు వ్యాపారం పసిపిల్లలను తిప్పే తోపుడుబళ్లు. వాళ్లకు ఏం బుద్ధి పుట్టిందో ఒక ఏడాది లారీలు చేద్దామనుకున్నారు. చేసిన ఆ కాసిని లారీలకూ తోపుడుబండికి పెట్టినట్టే ముందు గొడుగులాంటి కప్పు, మడతపడే అంచు, డ్రైవరుకు మెత్తటి పరుపు పెట్టారు. కొన్నవాళ్లు నవ్వారు. కంపెనీ వాళ్లకు కోపం వచ్చి మళ్లీ పసిపిల్లల దగ్గరికే వెళ్లిపోయారు. అమ్ముడుపోని ఒక లారీ ఓడెక్కి మన రేవులో దిగితే ఓ కలప కంట్రాక్టరు కొన్నాడు. ఆయన దగ్గర డ్రైవరుగా చేరినవాడు బుల్లియ్య తాత. కంట్రాక్టు మూతపడ్డాక జీతం బాకీ కింద లారీ అతనికే దక్కింది. పెన్నితార్న్ అన్న మాట పాలమెట్ట నోట్లో నానినాని పెనిమిటి అయ్యింది. ఆడవాళ్లు "పెనిమిటి వచ్చేడా" అని అడిగితే, మనిషి సంగతా బండి సంగతా అని కనుక్కుని మరీ చెప్పాల్సి వచ్చేది.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకక, లారీ వెనక నిలువెత్తు ఇనప డొక్కు బిగించి, అందులో బొగ్గులు మండించి, వచ్చే గ్యాసుతో బండి నడిపారు. చదును నేల మీద బాగానే పోయేది. ఎత్తు వచ్చేసరికి మగవాళ్లు దిగి తొయ్యాలి, ఆడవాళ్లు విసనకర్రలతో డొక్కు విసరాలి. పెళ్లివారు ఎక్కితే దిగేసరికి అందరి ముఖాలూ ఒకే రంగులో ఉండేవి. కడిగి చూస్తే గాని పెళ్లికొడుకెవరో తెలిసేది కాదు. ఓసారి తొందరలో తోడుపెళ్లికొడుకుని పీటల మీద కూర్చోబెట్టారని చెబుతారు.

పాలమెట్టలో ఇంకో ఆచారం ఉంది. లారీలో ఏ భాగమైనా అరిగిపోతే పారెయ్యరు. ఊడకముందే దానికి ఊళ్లో ఒకరు మాట పెట్టుకుని ఉంటారు. "ఒరే బుల్లీ, ఆ తలుపు ఊడితే నాకివ్వాలి సుమా" అని లారీ నడుస్తుండగానే అడుగుతారు. అడిగినవాడికి ఇవ్వకుండా ఇంకొకడికి ఇస్తే ఆ రెండిళ్ల మధ్య మాటలుండవు. అలా పరుపు సీటు మంగలి నాగభూషణం కొట్లో కుర్చీ అయ్యింది. బానెట్టు కోళ్ల గూటికి కప్పయ్యింది. పెట్రోలు ట్యాంకు వడ్లు పోసుకునే గాదె అయ్యింది. బొగ్గు డొక్కు కల్యాణమండపంలో వేణ్ణీళ్ల బాయిలరయ్యింది. తలుపు బడి దొడ్డికి తలుపయ్యింది. ఊడిన ప్రతిదాని చోటా బుల్లియ్య తండ్రి కొన్ని, బుల్లియ్య కొన్ని, ఏది దొరికితే అది బిగిస్తూ వచ్చారు. ఇంజను ట్రాక్టరుది, గేరుబాక్సు జీపుది, సీటు మూతపడిన సినిమా హాల్లో బెంచీ క్లాసుది.

తాఖీదు సంగతి విని నాగభూషణం పేపరు పట్టుకుని వచ్చాడు. ఊళ్లో పేపరు కొనేది అతనొక్కడే. మిగతావాళ్లు గెడ్డం చేయించుకుంటూ చదువుతారు.

"పాత బళ్లకి ఇప్పుడు మా గిరాకీగా ఉందిరా బుల్లీ. పట్నంలో గొప్పోళ్లు తాతల నాటి స్కూటర్లు డ్రాయింగు రూముల్లో పెట్టుకుని దీపారాధన చేత్తన్నారంట. గవర్నమెంటోళ్లు ప్రాచీన వాహన వారసత్వ మండలని ఒకటి పెట్టేరు. ఆళ్లు గానీ వారసత్వం అన్నారంటే ఇక ఆ బండి జోలికి ఏ జనార్దనమూ రాకూడదు."

బుల్లియ్యకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే అర్జీ పెట్టాడు.

మండలి పరిరక్షణాధికారి మల్లంపాటి విద్యాధరరావు గారు తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చారు. తుప్పు కనపడితే ఆయన కళ్లు చెమర్చేవి. వేలితో గీరి, ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి, జేబులో వేసుకునేవారు. అయితే బుల్లియ్య లారీ ముందు ఎంతసేపు నిలబడినా ఆయన కళ్లు పొడిగానే ఉండిపోయాయి.

"ఇందులో పెన్నితార్న్ ఏది?"

"ఇదేనండి."

"ఏది?"

"మొత్తం అండి."

విద్యాధరరావు గారు నిట్టూర్చారు. "చూడు నాయనా, ఈ యంత్రం వేరు, ఈ చక్రాలు వేరు, ఈ దేహం వేరు. మౌలిక ద్రవ్యం లేశమైనా లేదు. ఇది వాహనం కాదు, ఒక అభిప్రాయం. అభిప్రాయాలను మండలి పరిరక్షించదు."

ఇంత దూరం వచ్చిన పెద్దమనిషిని ఊరికే పంపడం బాగుండదని నాగభూషణం టీ తెప్పించి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన కూర్చుని, ఎందుకో చెయ్యి కిందికి పోనిచ్చి, అదాటున లేచి, మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ కింద తల పెట్టారు. అక్కడ ఇత్తడి బిళ్ల మీద పెన్నితార్న్ కంపెనీ ముద్ర ఉంది.

"మౌలిక ద్రవ్యం," అన్నారు కుర్చీ కింద నుంచి.

"అదొక్కటే కాదండి, ఇంకా ఉన్నాయి," అన్నాడు బుల్లియ్య ఆశగా. ఇక్కడే అతను పెద్ద పొరపాటు చేశాడు. ఆయన్ని ఊరంతా తిప్పాడు. కోళ్లగూడు చూపించాడు, గాదె చూపించాడు, దొడ్డి తలుపు చూపించాడు. ఊరి మొదట్లో టీ కొట్టు బల్బుకు కప్పుగా ఉన్న ముందు దీపం నుంచి, ఊరి చివర అచ్చాయమ్మ పెరట్లో తులసి మొక్క చుట్టూ పాతిన వెనక చక్రం దాకా అన్నీ చూపించాడు. జనం ఇళ్లలోంచి వచ్చి మాదీ చూడండి మాదీ చూడండి అని లాక్కుపోయారు. సాయంత్రానికి విద్యాధరరావు గారి జేబుల నిండా తుప్పు పొట్లాలే.

తరవాతి వారం ప్రకటన వచ్చింది. పెన్నితార్న్ లారీ నశించలేదనీ, పాలమెట్ట గ్రామమంతటా విస్తృతావస్థలో సజీవంగా ఉన్నదనీ, కావున ముందు దీపం మొదలు వెనక చక్రం వరకు గల యావత్ ప్రదేశాన్నీ వారసత్వ వాహనంగా గుర్తిస్తున్నామనీ అందులో ఉంది. ఏ భాగాన్నీ ఎవరూ కదపరాదు. ప్రతి భాగాన్నీ వాహన ధర్మానికి అనుగుణంగానే వాడాలి.

బుల్లియ్య ఆ కాగితం నాగభూషణం చేత చదివించుకుని, "మరి నా లారీ?" అన్నాడు.

"దాని మాట ఇందులో లేదురా."

వాహన ధర్మం ఊళ్లో వెంటనే అమల్లోకి వచ్చింది. మంగలి కుర్చీ డ్రైవరు సీటు గనక డ్రైవింగు లైసెన్సు లేనివాళ్లు అందులో కూర్చోకూడదన్నారు. ఊరంతా నిలబడి గెడ్డాలు చేయించుకుంది. గాదె చుట్టూ పొగతాగరాదని బోర్డు పెట్టారు. బానెట్టు కింద కోళ్లు రాత్రిళ్లు ఇంజను స్థానంలో ఉంటున్నాయి గనక వాటిని చల్లగా ఉంచే బాధ్యత యజమానురాలిదన్నారు. ఆవిడ వాటి మీద నీళ్లు చల్లితే అవి జలుబు పట్టి ముడుచుకు కూర్చున్నాయి. బడి దొడ్డి తలుపు మీద "వాహనము పూర్తిగా ఆగిన పిదపనే తలుపు తీయవలెను" అని రాయించారు. పిల్లలు దొడ్డి ముందు నిలబడి, ఊరు ఆగిందో లేదో ఎలా తెలుస్తుందని మేస్టారిని అడిగేవారు. కొందరు తెలుసుకునేదాకా ఆగలేకపోయేవారు.

ఇదంతా ఒక ఎత్తు, జనార్దనం గారు మళ్లీ రావడం ఒక ఎత్తు.

"అయ్యా, వారసత్వం వచ్చిందండి," అన్నాడు బుల్లియ్య ప్రకటన చూపిస్తూ.

"ఊరికి వచ్చినది. ఈ బండికి రాలేదు. ఈ బండి పెన్నితార్న్ అయినచో కాలము చెల్లినది గనుక కోయవలెను. పెన్నితార్న్ కానిచో కాగితములు లేని బండి గనుక కోయవలెను. నెలాఖరు అట్లే ఉన్నది." ఆయన మరో ఫైలు తీశారు. "నేడు నేను వచ్చినది ఆ పని మీద కాదు. ఇచ్చట ఒక వాహనము ఉన్నదని ప్రభుత్వమే ప్రకటించినది. వాహనమున్నచో తనిఖీ ఉండును."

ఆయన టేపు తెప్పించి, టీ కొట్టు దీపం దగ్గర ఒక కొస, అచ్చాయమ్మ తులసి మొక్క దగ్గర ఒక కొస పట్టించారు. టేపు చాలక తాడు, తాడు చాలక ఊహ వాడారు. వాహనం ఉండాల్సిన దానికంటే బాగా పొడుగని తేలింది. పొడుగు వాహనాలకు వెనక ఎర్రగుడ్డ కట్టాలి గనక అచ్చాయమ్మ దండెం మీది ఎర్ర రవిక తీసి తులసి మొక్కకు కట్టించారు. ఆవిడ గుమ్మంలో కూర్చుని అడ్డాకులు కుడుతూ, "పండగా ఏంటి నాయనా?" అని అడిగింది. ఆవిడకు చూపు ఆనదు.

తరవాత ఇళ్లు తిరిగి తలలు లెక్కపెట్టారు. సాయంత్రం బుల్లియ్యను పిలిచారు.

"పెన్నితార్న్ లారీలో డ్రైవరు గాక ఎనమండుగురు కూలీలు ప్రయాణించుటకు అనుమతి. ప్రస్తుతము మూడువేల మంది ఉన్నారు. ఇంతటి ఓవర్‌లోడు నా సర్వీసులో చూడలేదు. వాహనము రిజిస్టరులో నీ పేరిట ఉన్నది గనుక బాధ్యుడవు నీవు. ఎనమండుగురిని ఉంచి తక్కినవారిని తక్షణమే దించవలెను."

"ఎక్కడికి దించమంటారండీ?"

"రోడ్డు మీదికి."

ఊళ్లో గగ్గోలు పుట్టింది. ఎవరా ఎనమండుగురు అని వీధివీధినా పంచాయితీలు జరిగాయి. రాజుల వీధివాళ్లు ముందు సీట్లు తమవేనన్నారు. నిన్నటిదాకా బుల్లియ్యను అన్నయ్యా, బాబాయ్ అన్నవాళ్లు చూసీ చూడనట్టు పోసాగారు. తన బండిని కాపాడుకోబోయి ఊరి మీదికి తెచ్చానని బుల్లియ్య కుమిలిపోయాడు. పెళ్లాం పెట్టిన అన్నం ముట్టకుండా లారీలో కూర్చున్నాడు.

విద్యాధరరావు గారు ఆఘమేఘాల మీద వచ్చారు. బడి వరండాలో ఇద్దరు అధికారులూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఊరంతా కింద కూర్చుంది.

"ఒక్క ప్రయాణికుణ్ణి కూడా దించడానికి వీల్లేదు," అన్నారు విద్యాధరరావు గారు. "తరతరాలుగా వాహనంలో ఉన్న జనాన్ని మండలి 'చారిత్రక లోడు'గా పరిగణిస్తోంది. లోడు లేని లారీ ఆత్మ లేని దేహం."

"దించనిచో వాహనమును తనిఖీ నిమిత్తము జిల్లా కార్యాలయ ఆవరణకు తీసుకురావలెను," అన్నారు జనార్దనం గారు. "బుల్లియ్యా, సోమవారము పదిన్నరకు ఊరిని తీసుకుని రమ్ము."

"ఏ గేర్లో తెమ్మంటారండీ?" అన్నాడు బుల్లియ్య. అతను వెటకారానికి అనలేదు. అప్పటికి అతనికి నిజంగానే ఏదీ అర్థం కావడం మానేసింది.

"అది డ్రైవరు విచక్షణకు వదిలివేయబడినది."

సోమవారం పదిన్నర అయ్యింది. పాలమెట్ట కదలలేదు. పదకొండింటికి జనార్దనం గారు దాన్ని నడవని వాహనంగా, పన్నెండింటికి దిక్కులేని వాహనంగా ప్రకటించారు. దిక్కులేని వాహనాలు నేరుగా తుక్కుకి పోతాయి. మంగళవారం ఉదయం ఊరి పొలిమేరలో ఒక క్రేనూ, గ్యాసు సిలిండర్లతో నలుగురు కోతగాళ్లూ దిగారు. వాళ్లకు ఊరు ఎటు నుంచి కొయ్యాలో తెలియక బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు గాని అధికారులిద్దరికీ తమ సొంత చిక్కు కనపడలేదు. వారసత్వ సంపదగా ప్రకటించిన మొట్టమొదటి వాహనమే తుక్కుకి పోయిందంటే విద్యాధరరావు గారి పదోన్నతి గోవిందా. ఇన్నేళ్లుగా మూడువేల మంది ఓవర్‌లోడుతో ఒక వాహనం తన ఇలాకాలో ఉండగా చూడలేదని తెలిస్తే జనార్దనం గారి పింఛను గోవిందా. ఇద్దరూ వరండా చివరకు పోయి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. వచ్చేసరికి ఇద్దరి ముఖాలూ తేటగా ఉన్నాయి.

"సూక్ష్మంగా పరిశీలించగా," అన్నారు విద్యాధరరావు గారు, "అసలు పెన్నితార్న్ లారీ అనేది పాలమెట్టలో ఎన్నడూ లేదేమోనని మండలికి సందేహం కలుగుతోంది."

"లేనిచో ఓవర్‌లోడు లేదు. దించుట లేదు. కోయుట లేదు," అన్నారు జనార్దనం గారు. "అయితే బుల్లియ్య ప్రమాణ పూర్వకముగా చెప్పవలెను. గ్రామస్థులును చెప్పవలెను."

బుల్లియ్య లేచి నిలబడ్డాడు. ఊరంతా అతని వంకే చూసింది. లేదని చెబితే ఊరు బతుకుతుంది, వారసత్వం మాట పోతుంది. కాగితాలు లేని బండి కింద నెలాఖరుకి లారీని కోస్తారు. కోతగాళ్లు ఎలాగూ ఊళ్లోనే ఉన్నారు.

"చెబుతావా?" అన్నారు విద్యాధరరావు గారు.

"చెప్తానండి," అన్నాడు. తాత ఈ లారీ కిందే పడుకుని వానాకాలాలు గడిపాడు. నాన్న పోయేముందు గేరుబాక్సు సంగతి చెప్పి పోయాడు గాని, చేసిన అప్పుల సంగతి చెప్పలేదు. "పెనిమిటి లారీ అనేది... మా ఊళ్లో లేదండి. ఎప్పుడూ లేదండి. మా తాత తోలలేదండి. మా నాన్న తోలలేదండి. నేనూ తోలలేదండి." అని, ఇక నిలబడలేక కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తరవాత ఒక్కొక్కరూ వచ్చి చెప్పారు. కల్యాణమండపం ఆయన లారీ తెలియదన్నాడు. కోళ్లావిడ చూడలేదంది. నాగభూషణం తన కుర్చీ గాలిలోంచి వచ్చిందన్నాడు. చివరికి అచ్చాయమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

"లారీ లేదంటే ఎలా నాయనా," అందామె. "నేను పుట్టింది అందులోనే కదా. బొగ్గులారిపోయి కొండ మూడో మలుపులో బండి ఆగిపోతే మా అమ్మ అక్కడే కనేసింది. కరణం గారు కాయితంలో కూడా అలాగే రాసేరు."

వరండాలో చిన్న అలజడి. జనార్దనం గారు గొంతు సవరించుకున్నారు. "ఆ అంశము విడిగా పరిశీలించబడును. ప్రస్తుతమునకు లేదని చెప్పుము."

అచ్చాయమ్మ బుల్లియ్య వంక తిరిగింది. కళ్లు ఆనకపోయినా ఏడుపు వినపడుతోంది. "అయితే లేదులే నాయనా," అంది.

అధికారులిద్దరూ కలిసి ధ్రువపత్రం రాశారు. సందుల్లోంచి మళ్లీ ఏ వాహనమూ పుట్టుకురాకుండా జనార్దనం గారు ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకుని ఒక వాక్యం చేర్చారు. బుల్లియ్య ఇంటి ముందు నిలుచునట్టియు, గురువారములందు సంతకు పోవునట్టియు, ఊరిలో ముక్కలుగా ఉన్నట్టియు లారీ, ఏ రూపముననూ, ఏ కాలముననూ, ఎచ్చటనూ లేదు, లేకుండెను, ఉండబోదు. ఇద్దరూ సంతకాలు పెట్టి సీళ్లు వేశారు. క్రేను వెళ్లిపోయింది. ఊరు కూర్చుని గెడ్డాలు చేయించుకుంది.

నెలాఖరున జనార్దనం గారు కోతగాళ్లను వెంటబెట్టుకుని లారీ కోసం వచ్చారు. బుల్లియ్య ముందురోజే దాన్ని కడిగి, ముందు అద్దానికి పసుపూ కుంకుమా పెట్టి, తాళంచెవి చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన వస్తూనే స్వాధీన పత్రంలో వాహనం వివరాలు రాయబోయి ఆగారు. జేబులోంచి ధ్రువపత్రం నకలు తీసి చదువుకున్నారు. కింద తన సంతకం చూసుకున్నారు. లారీ వంక చూశారు. మళ్లీ కాగితం చూశారు.

"సార్, మొదలెట్టమంటారా?" అన్నాడు కోతగాళ్లలో పెద్దవాడు.

"దేనిని?" అన్నారు జనార్దనం గారు.

"ఈ లారీని."

"ఇచ్చట ఏ లారీయు లేదు," అన్నారాయన. జీపు వెనక్కి తిప్పుతూ డ్రైవరు లారీకి తగలకుండా పక్కకి మళ్లిస్తే, లేని దాన్ని తప్పించినందుకు వాణ్ణి మందలించారు.

ఆ గురువారం లారీ సంతకు పోతూంటే పాలమెట్ట పండగ చేసుకుంది. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు చెయ్యెత్తబోయి, సంగతి గుర్తొచ్చి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. బుల్లియ్య దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

విడిగా పరిశీలించవలసిన అంశం తరవాతి నెలలో తేలింది. లేని వాహనంలో ఎవరూ పుట్టజాలరు గనక అచ్చాయమ్మ పుట్టలేదని నిర్ణయమైంది. పుట్టనివారికి వృద్ధాప్య పింఛను ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ సంగతి తెలిపే ఉత్తరం తెచ్చిన బంట్రోతు, ఉత్తరం ముట్టినట్టు ఆవిడ చేతే వేలిముద్ర వేయించుకున్నాడు.

బుల్లియ్యకు అది తెలిసి పరుగున వెళ్లాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఆకులు కుడుతోంది.

"అత్తా, నా మూలంగా నీకెంత పనయ్యింది. నేను పొద్దున్నే కచేరీకి ఎల్తాను. లారీ ఉందని చెప్పేస్తాను. కోసుకుంటే కోసుకోనీ."

"కూకో," అంది అచ్చాయమ్మ. "లారీ ఉందని చెప్తే నాకేం వత్తాది?"

"పింఛనొస్తాది."

"లారీ పోతే?"

బుల్లియ్య ఆవిడ పక్కనున్న విస్తళ్ల కట్ట వంక చూశాడు.

"పింఛను నెలకోసారిరా. సంత వారానికోసారి. ఈ కుట్టిన విస్తళ్లు సంతకి ఎవడు మోసుకెల్తాడు? ఆ జనార్దనవా?" అని సూది దారం పక్కన పెట్టింది. "నేను పుట్టలేదంటే నాకు నొప్పేం లేదు. పుట్టి ఇన్నేళ్లు ఉన్నాను, నాకు తెల్దా? నువ్వు మాత్రం నోరు తెరవకు."

"అది కాదత్తా..."

"ముందు సీట్లో కూకోబెట్టు. వెనకాల కూకుంటే నడుం పట్టేత్తంది."

గురువారం తెల్లవారకుండానే బుల్లియ్య ఆకుల కట్టలు ఎక్కించి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చెక్‌పోస్టు దగ్గర కొత్త కానిస్టేబులు ఉన్నాడు. వాడికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. కర్ర అడ్డం పెట్టి, బండి కాగితాలు చూపించమన్నాడు. బుల్లియ్య ధ్రువపత్రం ఇచ్చాడు. వాడు చదివి, బిత్తరపోయి, టార్చిలైటు లోపలికి వేశాడు.

"ఈ ముసలావిడెవరు?"

అచ్చాయమ్మ కొంగులోంచి తన ఉత్తరం తీసి, వాడి చేతిలో పెట్టింది.

కానిస్టేబులు అది కూడా చదివాడు. రెండు కాగితాలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఉన్న బండినీ ఉన్న మనిషినీ చాలాసేపు చూశాడు. ఆ కాగితాల మీద సీళ్లున్నాయి. వీళ్లిద్దరి మీదా ఏ సీలూ లేదు.

"కర్ర తియ్యి నాయనా," అంది అచ్చాయమ్మ. "పొద్దెక్కితే ఆకులు వాడిపోతాయి."

వాడు కర్ర తీశాడు. బుల్లియ్య గేరు మార్చాడు, లారీ కొండెక్కింది.